ఎర్ర తీగ

ఎస్సెన్, పశ్చిమ జర్మనీ
3 జూన్ 1956

అక్కయ్యకు ప్రభాకర్ నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. సగం బావ నడుము గురించి, మిగతా సగం బావ మొండితనం గురించి రాశావు. రెండూ నాకు కొత్త కాదు. తెల్లవారక ముందే తల మీద నీళ్లు గుమ్మరించుకుని, ఆ తడి పంచెతోనే గుడి బావిలో నీళ్లు తోడి, స్వామి తిరుమంజనానికీ వంటశాలకూ బిందెలు మోసే మనిషికి నడుము నొప్పి రాక ఏం వస్తుంది? మీ ఇంట్లో ఉండి చదువుకున్న రోజుల్లో బావ చేంతాడు చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఇక్కడ ఫ్యాక్టరీ కూతకు లేస్తున్నాను. చేంతాడే నయం.

అందుకని ఒక పని చేశాను, కోప్పడకు. చిన్న నీళ్ల మోటారు ఒకటి కొన్నాను. నాతో పాటు శిక్షణకు వచ్చిన బాబురావు తన గడువు ముగించుకుని ఓడలో వస్తున్నాడు. అతనిది సికింద్రాబాదు. అతని చేత పంపిస్తున్నాను. తిరుమంజనానికి మిషను నీళ్లు పనికిరావని బావ అంటే వంటశాల వరకైనా వాడమను. ఆ వాదన నేను ఇంత దూరం నుంచి గెలవలేను.

కరెంటు గురించి ఫికర్ చేయకు. ఇక్కడి జోరూ అక్కడి జోరూ ఇంచుమించు ఒకటే, విచారించాను. ఒకటే తేడా, ఇక్కడి ప్లగ్గు మన గోడల్లో పట్టదు. అందుకని దాన్ని కోసేశాను. మూడు తీగలు బయటికి ఉంటాయి. ఎర్రది, నల్లది, బూడిద రంగుది. వాటిలో ఒకటి ఎర్త్ తీగ. మోటారు ఒంట్లోకి పొరపాటున కరెంటు దిగితే, మనిషి మీదికి రానీయకుండా దాన్ని భూమిలోకి పంపించేది అదే. దాన్ని మరిచిపోకుండా కలపమని వైర్‌మన్‌కు గట్టిగా చెప్పు. ఏది ఏదో రంగులు చూస్తేనే తెలిసిపోతుంది. వాళ్లకు అది ఓనమాలతో సమానం.

ఇక్కడ బంగాళాదుంపలు తిని తిని నా ముఖం కూడా అలాగే తయారైంది. నీ చేతి పులిహోర కలలోకి వస్తోంది.

బావ నడుము మీద బెంగతో,
నీ తమ్ముడు
ప్రభాకర్


మాదన్నపేట, హైదరాబాదు
18 జూలై 1956

చిరంజీవి ప్రభాకర్‌ను అక్క గోద ఆశీర్వదించి రాసేది.

నీ మోటారు క్షేమంగా చేరింది. దాన్ని తెచ్చిన బాబురావే క్షేమంగా లేడు. పాపం, స్టేషను నుంచి రిక్షాలో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాడట, కాళ్లు మొద్దుబారి దిగలేకపోయాడు. కూరగాయల మార్కెట్ మార్కెట్టంతా వెనకాలే వచ్చింది. అది ఏంది, ఏం చేస్తది అని ఒకటే లొల్లి. పక్కింటి రమాబాయి దాని చుట్టూ ప్రదక్షిణం చేసి, ఇంత చిన్నది బావిలో నీళ్లెలా తాగుతుందని అడిగింది. వచ్చిన వాళ్లకు కాఫీ ఇవ్వలేక నా పొడి డబ్బా అడుగు కనిపించింది. ఆ పాపం నీదే.

మీ బావ సంగతి చెప్పనా? మిషను నీళ్లా, ఛీ అన్న మనిషి, దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. నేల తడికి తుప్పు పడుతుందని బావి పక్కన చెక్క బల్ల వేసి దాని మీద కూర్చోబెట్టాడు. నన్ను ఇంత గౌరవంగా ఏనాడూ కూర్చోబెట్టలేదు. వంటశాలకు మిషను నీళ్లు వాడవచ్చనీ, తిరుమంజనానికి మాత్రం చేత్తో తోడాలనీ గుడి పెద్దలు సెలవిచ్చారు. అంటే బరువులో ముప్పాతిక తగ్గినట్టే.

ఇక వైర్‌మన్ సంగతి. మార్కెట్ మూలన దుకాణం పెట్టుకున్న ఇశ్రాయేలును పిలిచాం. గుడికి దీపాల లైను వేసింది అతనే. మంచివాడు, పని తెలిసినవాడు. కానీ బావి ఉన్నది మడి వాకిట్లో. అందులోకి అతను ఎలా వస్తాడు? మీ బావ మాత్రం, “వచ్చి చూసిపోతడు. మళ్ల నీళ్లు సల్లుకుంటె అయిపాయె” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. స్వామి నీళ్లు తాగే బావి అది, మన ఇష్టానికి వదిలే చోటు కాదు అన్నాను. మీ బావ నాతో వాదించి గెలిచిందెప్పుడు? ఇశ్రాయేలు బయటి అరుగు మీద కూర్చుని తీగలకు మన ప్లగ్గు బిగించి ఇస్తాడు. మీ బావ లోపలికి తెచ్చి గోడకు పెట్టుకుంటాడు. ఇందులో అంత బ్రహ్మవిద్య ఏముంది? రంగులు చూస్తేనే తెలిసిపోతుందని నువ్వే రాశావు కదా.

నీ ఉత్తరం అతనికి చదివి వినిపించాను. ఎర్త్ మాట రాగానే, “గది లేకుంటె నేను ఏ పని ముట్టనమ్మా” అన్నాడు. గోడ బయట గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, పైపు పాతి పోయాడు. వచ్చే శుక్రవారం ప్లగ్గు బిగిస్తాడు.

నీ బంగాళాదుంప ముఖం ఫోటో తీయించి పంపు. ఊళ్లో పిల్లను చూడమని రమాబాయి నా ప్రాణం తీస్తోంది.

ఇట్లు, ఈసారికి నీ మీద కోపం లేని
అక్క


ఎస్సెన్
30 జూలై 1956

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. మోటారుకు బొట్టు పెట్టిన బావనూ, అరుగు మీద కూర్చున్న ఇశ్రాయేలునూ తలుచుకుంటే ఈ ఊరి మబ్బు కూడా కాస్త విడినట్టు ఉంది. నువ్వు మారవు అక్కయ్యా. నేను ఇక్కడ ఏ గడప దాటినా ఎవరూ నీళ్లు చల్లుకోరు. ఆ మాట చెబితే నువ్వు నా మీద చల్లుతావు.

ఈపాటికి శుక్రవారం వచ్చి పోయి ఉంటుంది. మోటారు తిరిగిందా? చప్పుడు ఎలా ఉంది? మొదటి బిందె ఎవరు పట్టారు? అన్నీ రాయి.

ఒక్క మాట మరిచాను. బావ తడి పంచెతో, ఉత్త కాళ్లతో దాని దగ్గరికి పోతాడేమో. కొన్నాళ్లు పొడి బట్ట కట్టుకుని, పావుకోళ్లు తొడుక్కుని ముట్టుకోమను. ఎర్త్ ఉన్నాక భయమేం లేదనుకో. అయినా కొత్త మిషను.

మొదటి బిందె కబురు కోసం ఎదురుచూస్తూ,
ప్రభాకర్


మాదన్నపేట
2 ఆగస్టు 1956

ప్రభాకరా,

మీ బావ లేడు.

తంతి ఇద్దామని రమాబాయి అన్నది, నేనే వద్దన్నాను. తంతి చదివి నువ్వు ఏం జరిగిందో తెలియక కొట్టుకుంటావు. అందుకే రాస్తున్నాను.

శుక్రవారం ఇశ్రాయేలు అరుగు మీద కూర్చుని ప్లగ్గు బిగించాడు. మీ బావ లోపల గోడకు పెట్టి స్విచ్ వేశాడు. మోటారు ఉలకలేదు పలకలేదు. ఇశ్రాయేలు గడప అవతల నిలబడి, “ఏమైంది అయ్యగారు, తిరుగుతుందా?” అని అడిగాడు. మీ బావ లేదన్నాడు. ఓడలో దెబ్బ తిన్నదేమో, నేను లోపలికి వచ్చి చూస్తేనే తెలుస్తుంది, అప్పటిదాకా బంద్ చేసి ఉంచండి అన్నాడు. పెద్దలను అడిగి చెబుతామన్నాను నేను. మీ బావ స్విచ్ తీసేశాడు.

శనివారం తెల్లవారుజామున స్నానం చేసి బావి దగ్గరికి పోయి, తోడడం మొదలుపెట్టే ముందు ఆశ కొద్దీ మళ్లీ స్విచ్ వేసి చూశాడు కాబోలు. తిరగలేదు. చచ్చిన మిషనే కదా అనుకున్నాడు. బిందెలకు అడ్డంగా ఉందని పక్కకు జరపడానికి రెండు చేతులా పట్టుకున్నాడు. చేంతాడు చప్పుడు వినబడక నేను వెళ్లి చూసేసరికి దాని మీద ఒరిగి ఉన్నాడు. నా కేక విని రమాబాయి పరుగెత్తుకొచ్చి స్విచ్ తీయకపోతే నేనూ ముట్టుకునేదాన్ని. ముట్టుకున్నా బాగుండేది.

ఒక్క చుక్క నీరు కూడా తోడని మిషను.

ఇంకేమీ రాయలేను.

అక్క


ఎస్సెన్
12 ఆగస్టు 1956

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఏం చేస్తున్నానో నాకే తెలియడం లేదు. సెలవు అడిగాను. ఒప్పందం ముగిసేదాకా కుదరదన్నారు. ఓడ ఎక్కినా నేను చేరేసరికి కర్మలన్నీ అయిపోతాయి. నన్ను చదివించిన మనిషి పోతే చితి దగ్గర నిలబడలేకపోయాను.

నా పోయిన ఉత్తరం నీకు ఎప్పుడు చేరిందో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. దాన్ని చింపెయ్.

కానీ ఒక్కటి మాత్రం నాకు తెలుసు. మోటారు ఇనుము మీదికి కరెంటు వచ్చిందంటే ఎర్త్ సరిగ్గా కలపలేదన్న మాట. అది కలిపి ఉంటే బావ బతికేవాడు. నేను ఉత్తరంలో ప్రత్యేకంగా రాశాను, నువ్వు చదివి వినిపించావు, అయినా ఆ ఇశ్రాయేలు నిర్లక్ష్యం చేశాడు. పైపు పాతితే సరిపోతుందా, తీగ కలపొద్దూ? ఇలాంటి వాళ్లను వదిలితే ఇంకో ఇంట్లో ఇంకొకరిని చంపుతారు. జాలి పడకు. ఠాణాకు పో. ఈ ఉత్తరం చూపించు, నా పేరు చెప్పు, ఇక్కడ మిషన్ల ఫ్యాక్టరీలో పని చేస్తున్నానని చెప్పు.

నీ దగ్గర లేని
తమ్ముడు


మాదన్నపేట
9 సెప్టెంబరు 1956

ప్రభాకర్‌కు,

నీ నవ్వుల ఉత్తరం మీ బావ పదో రోజున వచ్చింది. పొడి బట్ట కట్టుకోమన్నావు, పావుకోళ్లు తొడుక్కోమన్నావు. చింపలేదు. చింపితే నువ్వు చెప్పలేదని అనుకోవలసి వస్తుంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. రమాబాయిని తోడు తీసుకుని ఠాణాకు పోయాను. అమీన్ సాబు పెద్దమనిషే, కుర్చీ వేయించాడు. పోయినాయన పేరేమిటమ్మా అని అడిగాడు. మొగుడి పేరు ఎలా చెబుతాను? రమాబాయే, “రామానుజం” అని చెప్పింది. తర్వాత నీ ఉత్తరం ఇచ్చాను. జర్మనీ ముద్ర చూడగానే అక్కడున్న వాళ్లంతా లేచి నిలబడి చూశారు. ఎర్త్ కలపని మాట చదివి వినిపించాను. ఆ సాయంత్రమే ఇశ్రాయేలును తీసుకుపోయారు. జామీను ఇవ్వడానికి అతనికి ఎవరున్నారు? లోపలే ఉన్నాడు. దుకాణం మూతపడింది, లైసెన్సు కూడా పోతుందట. మోటారును, తీగలను ఉన్నవి ఉన్నట్టే మూట కట్టి ఠాణాలో పెట్టారు.

ఇక్కడ ఒక్కొక్కరిది ఒక్కో మాట. మిషను నీళ్లు స్వామికి నచ్చలేదని ఒకరు, ఆడది మొండికేస్తే ఇంతేనని ఇంకొకరు. నీళ్లు తోడటానికి గుండయ్యగారిని పెట్టారు. మీ బావ కన్నా పెద్దవాడు. ఆయన చేంతాడు మధ్య మధ్య ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా నా గుండె ఆగుతుంది.

నీతో ఒక పని పడింది. అదాలతులో చూపించడానికి నువ్వు ఒక కాగితం వివరంగా రాసి పంపాలట. ఇశ్రాయేలు తన తప్పు ఒప్పుకోవడం లేదు. అమీన్ ముందు నా ఎదురుగానే ఏమన్నాడో చూడు. “ఎర్రది ఫేజుకే ఇచ్చిన. నల్లది న్యూట్రలుకు ఇచ్చిన. ఆకుపచ్చది లేకుండె, గందుకని మిగిలిన బూడిద రంగుది ఎర్త్‌కు ఇచ్చిన. ఉస్తాద్ నేర్పిన తీరే చేసిన.” ఎంత ధైర్యం చూడు. ఒట్టు కూడా వేశాడు. ఇతను చెప్పేది అబద్ధమని నువ్వు నాలుగు ముక్కలు రాస్తే చాలు.

అతని భార్య ఆగమ్మ రోజూ వచ్చి మా అరుగు కింద కూర్చుంటోంది. ఏమీ అడగదు. నేనూ పలకరించను.

అక్క


ఎస్సెన్
23 సెప్టెంబరు 1956

అక్కయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. దగ్గర రమాబాయిని ఉండమను.

ఇశ్రాయేలు అబద్ధం ఆడలేదు.

ఎర్రది ఫేజుకు ఇచ్చానన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నీ ఉత్తరం పట్టుకుని ఫ్యాక్టరీలో కరెంటు పని చూసే మేస్త్రీ దగ్గరికి పోయాను. ముసలాయన. మన దేశంలో ఎర్రది కరెంటు మోసే తీగ, ఆకుపచ్చది ఎర్త్ అని నేను చెప్పగానే ఆయన చేతిలో పని వదిలేశాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఇక్కడ ఎర్రది ఎర్త్ తీగ అక్కా. అది మోటారు లోపల ఇనుప ఒంటికే బిగించి ఉంటుంది. కరెంటు మోసేవి నల్లదీ బూడిద రంగుదీ. ఇశ్రాయేలు మన పద్ధతి ప్రకారం ఎర్రదానికి కరెంటు ఇచ్చాడు. ఆ కరెంటు మోటారును తిప్పే లోపలి రాగి తీగ చుట్టకు పోలేదు, తిన్నగా పైనున్న ఇనుముకు వచ్చి నిలబడింది. చుట్టకు అందలేదు కాబట్టి మోటారు తిరగలేదు, చప్పుడు చేయలేదు. కింద చెక్క బల్ల ఉంది కాబట్టి భూమిలోకీ దిగలేదు. చచ్చినదానిలా కనబడుతూ, ఎవరైనా తడి కాళ్లతో వచ్చి పట్టుకునేదాకా కాచుకుని కూర్చుంది.

అతను తప్పు కలపలేదు. మన ఊళ్లో ఏ వైర్‌మన్ అయినా అలాగే కలుపుతాడు. ఇక్కడి వాళ్లు తప్పు తయారు చేయలేదు, ఇక్కడ అందరికీ ఎర్రదంటే అదే. ఆ రెండు ఊళ్లనూ చూసింది నేనొక్కణ్ణే. హైదరాబాదులో నేను బల్బు కూడా మార్చి ఎరగను. తీగల సంగతి మొదట నేర్చుకున్నది ఇక్కడే. ఎర్రదంటే కాపాడేదని ఇక్కడ విని, లోకమంతటా అంతేననుకున్నాను. ప్లగ్గు కోసింది నేను. రంగులు చూస్తేనే తెలిసిపోతుందని రాసింది నేను. ఎర్రది ఎర్త్ అని రెండు మాటలు రాసి ఉంటే బావ ఈ రోజు చేంతాడు లాగుతూ ఉండేవాడు, లేదా హాయిగా కూర్చుని ఉండేవాడు.

మేస్త్రీ ఇంకొకటి అన్నాడు. కలిపినవాడు మిషను ఒంటికి టెస్టు బల్బు పెట్టి చూస్తే ఆ క్షణమే బయటపడేదట. ఎందుకు చూడలేదని అడిగాడు. అతన్ని లోపలికి రానివ్వలేదని జర్మన్ భాషలో చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు. ఆ గడప సంగతి నీ ఉత్తరంలో చదివి నేను నవ్వాను. నిన్ను అనే హక్కు నాకు లేదు.

మేస్త్రీ సంతకం చేసిన కాగితం, దానికి నేను చేసిన తెలుగు, ఇంగ్లీషు అనువాదాలూ జత చేశాను. నా ఉత్తరం చూపించే అతన్ని లోపల వేయించావు. ఈ ఉత్తరం చూపించి బయటికి తెప్పించు. ఆలస్యం చేయకు. ఒకరిని చంపాను, ఇంకొకరిని జైల్లో పెట్టించాను.

నమస్కారం పెట్టడానికి ముఖం లేని
ప్రభాకర్


ఎస్సెన్
4 నవంబరు 1956

అక్కయ్యా,

ఉత్తరం అందిందా? అందకపోయి ఉంటుందని ఆశ పడుతున్నాను, అంతలోనే అందకపోతే ఇశ్రాయేలు గతేమిటని భయపడుతున్నాను. ఇంకో నకలు పంపిస్తున్నాను.

నన్ను తిట్టు. తిట్టి రాయి. ఏమీ రాయకుండా ఉండకు.

ఇక్కడి నుంచి ఇళ్లకు మిషన్లు తీసుకుపోయే మన వాళ్ల గదులకు పోతున్నాను. తీగలు కనబడితే చాలు, ఏ రంగు దేనికో కాగితం మీద రాసి దారంతో కడుతున్నాను. కొందరు నవ్వుతున్నారు. ఎందుకని అడిగితే చెబుతున్నాను. తర్వాత నవ్వడం లేదు.

ప్రభాకర్


మాదన్నపేట
16 డిసెంబరు 1956

ప్రభాకర్‌కు అక్క రాసేది.

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది దసరాకు ముందే అందింది. జవాబు రాయలేదంటే అందక కాదు.

చదివి, స్వామి పటం వెనక పెట్టేశాను. ఎందుకంటావా? ఇశ్రాయేలు చేతిలో మీ బావ పోయాడంటే తిట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. అతను కాదంటే ఎవరు మిగులుతారు? నేను పెంచిన తమ్ముడు మిగులుతాడు. ఆ తర్వాత నేను మిగులుతాను. మొగుడు పోయిన ఇంట్లో మిగిలిన ఒక్క తోబుట్టువును కూడా పోగొట్టుకోవాలా అనిపించింది. నీ మీద అంత కోపం వచ్చింది, అంత ప్రేమ కూడా అడ్డం వచ్చింది. ఊరుకున్నాను. నేను ఊరుకున్నన్ని రోజులూ ఆ మనిషి లోపల ఉన్నాడు.

కొత్త రాష్ట్రం వచ్చిందని నవంబరు ఒకటిన ఊరంతా కరెంటు దీపాలు పెట్టారు. మార్కెట్ అంతా తోరణాలు. రమాబాయి చూద్దాం రమ్మంటే గుమ్మం దాకా వచ్చాను. అరుగు కింద ఆగమ్మ కూర్చుని ఉంది. ఏటా ఇలాంటి దీపాలు కట్టేది దాని మొగుడే. ఆ వెలుగులో దాని ముఖం చూసి, ఇన్ని రోజులకు మొదటిసారి పలకరించాను. ఎందుకు వచ్చి కూర్చుంటున్నావు, ఏం కావాలి అన్నాను.

“ఏమొద్దమ్మా” అన్నది. “దొంగతనం చేసిండంటె నమ్ముదును. తాగి కొట్టిండంటె నమ్ముదును. ఎర్త్ ఇయ్యలేదంటె నమ్మ. గా మాట మీకు చెప్దామని వస్తున్న. చెప్పనీకి ధైర్యం సాల్తలేదు.”

లోపలికి వచ్చి పటం వెనక నుంచి నీ ఉత్తరం తీశాను.

తెల్లారి ఠాణాకు, అక్కడి నుంచి అదాలతుకు పోయాను. తారీఖులు, వాయిదాలు, అవన్నీ ఎందుకులే. చివరికి మునసబుగారు నా మాట విన్నారు. పోయినాయన పేరు అడిగితే ఈసారి రమాబాయి వైపు చూడలేదు. “రామానుజం” అని నేనే చెప్పాను. ఎర్ర తీగ సంగతి చెప్పాను, జర్మనీ కాగితం ఇచ్చాను. ఇతను లోపలికి వచ్చి చూస్తానన్నాడు, నేనే రానివ్వలేదు అని కూడా చెప్పాను. అదాలతులో అందరూ నా వైపు చూశారు. చూడనీ. ఇశ్రాయేలును వదిలేశారు. మోటారును మాకు తిరిగి ఇచ్చారు.

వదిలేశారు గానీ మనిషి మునుపటి మనిషి కాదు. దుకాణం తెరవడం లేదు. చాంద్రాయణగుట్ట దారిలో రాళ్లు కొట్టే పనికి పోతున్నాడు. ఇక తీగ ముట్టనంటున్నాడట.

గుండయ్యగారు మొన్న బావి దగ్గర తూలి పడబోయారు. పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. అప్పుడు అనుకున్నాను. ఆ మోటారును నూతిలో పారేయాలి, లేదా సరిగ్గా కలపాలి. మధ్యలో మూట కట్టి పెట్టుకుని రోజూ చూసుకుంటూ ఉండలేను. పెద్దలతో వాదించాను. వాళ్లూ నాతో గెలవలేదు. ఇశ్రాయేలుకు కబురు పెట్టాను. ఆగమ్మ బలవంతాన తీసుకొచ్చింది.

మడి వాకిలి తలుపు రెండు రెక్కలూ తీసి, లోపలికి రమ్మన్నాను. గడప దగ్గరే నిలబడిపోయాడు. మళ్లీ పిలిచాను. తల అడ్డంగా ఊపాడు.

“నావల్ల కాదమ్మా” అన్నాడు. “గప్పుడు మీరు రానియ్యలేదు. గిప్పుడు నా కాలు వస్తలేదు.”

కోపంగా అని ఉంటే పడేదాన్ని. కోపం లేకుండా అన్నాడు.

సరే, నువ్వు అక్కడే ఉండి చెప్పు, నేను చేస్తాను అన్నాను. గడప మీద నుంచి స్క్రూడ్రైవరు అందించాడు. ప్లగ్గు విప్పి చూపించమన్నాడు. నీ కాగితం చదువుతూ, అతను చెబుతూ ఉంటే, నల్లదీ బూడిద రంగుదీ కరెంటుకు, ఎర్రది ఎర్త్‌కు బిగించాను. బిగువు చాలదని మళ్లీ విప్పించి మళ్లీ బిగింపజేశాడు. తర్వాత టెస్టు బల్బు ఇచ్చి, పొడి చీర కట్టుకుని పావుకోళ్ల మీద నిలబడమన్నాడు. మీ బావ పావుకోళ్లే వేసుకున్నాను. బల్బు ఒక తీగను మోటారు ఒంటికి, ఇంకో తీగను ఎర్త్ పైపుకు పెట్టించి, రమాబాయితో స్విచ్ వేయించాడు. వెలగకూడదట. వెలగలేదు. కానీ మోటారు తిరిగింది. నేను దాని గొంతు వినడం అదే మొదలు. కాసేపటికి గొట్టంలోంచి నీళ్లు వచ్చాయి. మొదటి బిందె ఎవరు పట్టారని అడిగావు కదా. గుండయ్యగారు పట్టారు.

ఎవరికీ సంతోషం కలగలేదు. రమాబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇశ్రాయేలు గడప అవతల తల తిప్పుకుని నిలబడ్డాడు.

నీ మీద కోపం పోయిందని అబద్ధం రాయను. పోలేదు. నా మీద ఉన్నదీ పోలేదు. ఒక్కోరోజు ఏది ఎవరి మీదో తెలియకుండా రెండూ కలిసిపోతున్నాయి. అయినా నువ్వు ఉత్తరాలు మానకు. గడువు కాగానే రా. ఆ కాగితాలు కట్టే పని మాత్రం ఎవరు నవ్వినా మానకు.

ఇశ్రాయేలు పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. ఎప్పుడైనా ప్లగ్గు పాడైతే ఇంకో వైర్‌మన్ వస్తాడు. కాగితం ఉంటే తడిసిపోతుంది, చిరిగిపోతుంది. అతనూ ఎర్రదే చూస్తాడు. “గా ఎర్ర రంగు కనబడకుండ ఏదన్న సుట్టుండ్రి, ఆకుపచ్చదైతే మంచిది” అన్నాడు.

ఇంట్లో వెతికాను. నా పెట్టెలో ఆకుపచ్చ పట్టు రవికె ఒకటి ఉంది. పెళ్లయిన ఏడు మీ బావ పత్తర్‌గట్టీలో కొనిచ్చింది. దాన్ని పట్టీలుగా చింపి, ఎర్ర తీగ కొస నుంచి ఆ చివరి దాకా సందు లేకుండా చుట్టి, దారంతో కుట్టేశాను. పట్టు గట్టిది, చాలా ఏళ్లు ఉంటుంది. ఆ రంగు నేను ఎలాగూ ఇక కట్టుకునేది లేదు.

ఇట్లు,
అక్క గోద